చీటీ మీద సంతకం నాది కాదు

రామచంద్రపురంలో నేను తెలుగు టీచరుగా ఉన్న రోజులవి. జీతం బ్యాంకు ఖాతాలో పడుతోందని కొత్తగా డెబిట్ కార్డు ఇచ్చారు. దసరాకి ముందు మా అక్కా నేనూ రాజమండ్రి వెళ్ళి చీరలు కొన్నాం. అక్క తన క్రెడిట్ కార్డు ఇచ్చింది, నేను నా డెబిట్ కార్డు. కౌంటరు మనిషి రెండూ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళి గీకి తెచ్చాడు. మాకేమీ అనుమానం రాలేదు.

నెల తిరక్కుండా నా ఖాతా ఊడ్చుకుపోయింది. కార్డు నా దగ్గరే ఉంది, ముంబయిలో ఎవరో దానికి నకలు చేసి నగలు కొన్నారట. అక్క బిల్లులోనూ అలాంటి కొనుగోలే కనిపించింది. ఆవిడ కార్డిచ్చిన బ్యాంకుకి ఫోన్ చేసి, అది తాను కొన్నది కాదని చెప్పింది. విచారణ తేలేదాకా కట్టక్కర్లేదన్నారు. ఆవిడ చేతిలోంచి పైసా కదల్లేదు. నా జీతం మాత్రం అప్పటికే వెళ్ళిపోయింది. తేలేదాకా ఆగాల్సింది నేనే.

"పిన్ను ఎవరికో చెప్పుంటారు మేడమ్" అన్నారు మా బ్యాంకు మేనేజరు గారు.

"ఆ షాపుల్లో పిన్ను అడగరండి. చీటీ మీద సంతకం పెట్టించుకుంటారు. ఆ చీటీ తెప్పించండి."

"అదంత తేలిక్కాదండి. వదిలేసుకోండి."

"వదలనండి" అన్నాను.

ప్రతి శనివారం బడి అయ్యాక వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చునేదాన్ని. వెళ్ళినప్పుడల్లా అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకునేదాన్ని. నగలు కొన్న రోజు నేను బడిలోనే ఉన్నానని హాజరుపట్టీ నకలు కూడా జతచేశాను. ఇంట్లో పాలు సగానికి తగ్గించాం. అక్క బియ్యం పంపింది. సిగ్గుగా ఉన్నా తీసుకున్నాను.

పదో శనివారానికి చీటీ నకలు వచ్చింది. దాని మీద ఇంగ్లీషులో గిలికిన సంతకం ఉంది.

"నేను తెలుగులో తప్ప సంతకం చెయ్యనండి" అన్నాను.

ఆయన నేను ఖాతా తెరిచిన ఫారం తెప్పించి పక్కన పెట్టి చూశారు. "పైవాళ్ళకి నేనే రాస్తానండి" అన్నారు.

ఇంకో రెండు నెలలకి డబ్బు తిరిగి పడింది. ఆ తరవాత షాపుల్లో వాడడానికి నేనూ క్రెడిట్ కార్డు తీసుకున్నాను. మరుసటి ఏడు మా సైన్సు మేడమ్ డెబిట్ కార్డుకీ ఇదే గతి పట్టింది. ఆవిడ ఏడుస్తుంటే నా అర్జీల నకళ్ళన్నీ ఆవిడ చేతిలో పెట్టి, వెంటబెట్టుకుని బ్యాంకుకి బయల్దేరాను.