తగ్గిన శ్రుతి

భిలాయి క్యాంప్ 1లోని మా తెలుగు చర్చి క్వయర్‌కి ఎందరో వచ్చారు, వెళ్లారు. చివరిదాకా నిలిచింది ముగ్గురమే. పై స్వరం, మేమంతా అక్క అని పిలిచే ఆవిడది. శ్రీకాకుళం నుంచి కోడలిగా వచ్చి, ఇక్కడే టీచరుగా రిటైరైంది. ఆమె పక్కన కింది స్వరం నాది. కీబోర్డు వాయించే భయ్యా స్టీలు ప్లాంటు ఉద్యోగి, భిలాయి-3 నుంచి వస్తాడు. ఇక్కడే పుట్టినవాడు కాబట్టి తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో రాసుకుంటాడు.

ఆ ఏడు వానలు మొదలయ్యాక నాకేదో తేడా అనిపించింది. ఎప్పుడూ పాడే పాటలే నాకు అందనంత కిందికి పోతున్నాయి. ఒక శనివారం కాస్త ముందుగా వెళ్తే, భయ్యా శ్రుతి తగ్గించే బటన్ నొక్కుతూ కనిపించాడు. నన్ను చూసి చప్పున చెయ్యి తీసేశాడు.

పాస్టరుగారి కోడలు అప్పుడే క్వయర్‌లో చేరింది. ఆమె గొంతు పైకి ఎంత పోతుందో కిందికీ అంత పోతుంది. నన్ను తప్పించి ఆమెను నిలబెట్టడానికే ఇదంతా అనుకున్నాను. అక్క నాతో మునుపటిలా మాట్లాడకపోయేసరికి, ఆమెకూ ఇందులో చెయ్యి ఉందనిపించింది.

చివరికి స్కూటరు దగ్గర భయ్యాను నిలదీశాను.

"దీదీ, థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత అక్క గొంతు పైకి ఎక్కట్లేదు. అందరి ముందు పాట మధ్యలో ఆగిపోతే ఆమె మళ్లీ క్వయర్‌కి రాదు. ఆమెకి మాత్రం చెప్పొద్దు" అన్నాడు.

నేను నమ్మలేదు. మరుసటి ఆదివారం పాడుతూనే అక్కను గమనించాను. అంత తగ్గించినా, పై స్వరం దగ్గర ఆమె మెడ నరాలు బిగిశాయి. అప్పుడు నమ్మాను. ఆ తర్వాత నేనూ నోరు మెదపలేదు.

క్రిస్మస్ పాటల ప్రాక్టీసు మొదలైన రోజు అక్క నేరుగా కీబోర్డు దగ్గరికి వెళ్లి శ్రుతి మళ్లీ పెంచింది.

"మీ గుసగుసలు నాకు తెల్దనుకున్నారేటి? నన్నొదిలించుకుందారని చూస్తన్నారనుకుని మానేద్దారనుకున్నాను. స్కూటరు కాడ మీ మాటలు పాస్టరుగారి కోడలు విన్నాదట, నిన్న చెప్పింది, భయ్యా శ్రుతి ఎందుకు దించుతున్నాడో. నాకోసం దీని గొంతు పాడుచేస్తారేట్రా? పైది ఆ పిల్ల పాడతాది. నేను దీని పక్కన కింద పాడతాను."

భయ్యా పెంచిన శ్రుతిలోనే పాట ఎత్తుకున్నాడు. అక్క వచ్చి నా పక్కన నిలబడి, నా పాటల పుస్తకంలోనే చూస్తూ పాడింది.

మొన్న వేసవిలో మా ఆయనకు గుండెనొప్పి వస్తే, వైశాలి నగర్‌లోని మా ఇంటికి మొదట చేరినవాళ్లు వాళ్లిద్దరే. భయ్యా ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అక్క మా వంటింట్లోకి వెళ్లి అన్నం వండింది. మా ఆయన ఇంటికి వచ్చేదాకా రోజూ వచ్చి వండుతూనే ఉంది.