పెద్దాయనకు చెప్పిన మాటలు

టైల్స్ మేస్త్రికి మురికంటే పడదు. వారమంతా ఎవరెవరి స్నానాలగదుల్లోనో మోకాళ్ళ మీద కూర్చుని పలకకూ పలకకూ మధ్య సందులు పూడ్చే మనిషి, ఇంటికొచ్చాక కూడా గోడ మూలల్లో వేలు పెట్టి రాసి చూసుకునేవాడు. భార్య గ్లాసుతో మంచినీళ్ళిస్తే ముందు అడుగు చూసి, తర్వాత తాగేవాడు. అలాంటి మనిషి కాపురముంటున్న ఇంటి పెరట్లోనే అత్తగారి కొలను ఉండటం అతని ఖర్మ.

కొలనంటే మరీ పెద్దదేం కాదు, రెండు మంచాలు పక్కపక్కన వేసినంత. మామగారు బతికున్న రోజుల్లో తన చేతులతో తవ్వి, సిమెంటు పూసి, నీళ్ళు నింపి, అందులో వేలెడంత ఎర్రచేపను వదిలారు. మామగారు పోయారు. చేప మాత్రం జానెడు దాటి పెరిగి, గట్టు మీద ఎవరి నీడ పడినా తిండికోసం పైకి వచ్చేది. అత్తగారు దాన్ని ‘పెద్దాయనా’ అని పిలిచేవారు.

ఆరేళ్ళ కిందట, ఆవిడకు తోడుగా కూతురూ అల్లుడూ ఈ ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని కొలను వంక ఎగాదిగా చూశాడు. “దీన్ని పూడ్చేసి పైన టైల్స్ పరిచామనుకోండి, బట్టలారేసుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది” అన్నాడు. అంతే, ఆ పూట నుంచి అత్తగారు అల్లుడితో మాట్లాడటం మానేశారు. పౌరుషంలో అల్లుడు మాత్రం తక్కువ తిన్నాడా, అతనూ మానేశాడు.

అలాగని ఇల్లు ప్రశాంతంగా ఉందనుకునేరు. అత్తగారు చెప్పదలుచుకున్నదంతా కొలను గట్టున కూర్చుని చేపకు చెప్పేవారు. అదీ అల్లుడు పెరట్లో ఉన్నప్పుడే, పక్కింటివాళ్ళు కూడా వినేంత గొంతుతో. “చూశావా పెద్దాయనా, కొందరు తలుపు వేస్తే ఇల్లంతా అదిరిపోతుంది.” “పెద్దాయనా, చెప్పులు వరసలో విడవాలని కొందరికి చిన్నప్పుడెవరూ చెప్పలేదు కాబోలు.” మేస్త్రి తన జవాబులు భార్యకు చెప్పేవాడు, సరిగ్గా అత్తగారి కిటికీ కింద నిలబడి. ఒకరికి కూతురూ ఒకరికి భార్యా అయిన పాపానికి ఆ ఇల్లాలు ఇద్దరి మాటలూ మోయలేక చచ్చేది. ఈ ఆరేళ్ళలో మేస్త్రి ఒక్క విద్య మాత్రం బాగా నేర్చుకున్నాడు. ‘పెద్దాయనా’ అన్న పిలుపు వినబడగానే ఆ తర్వాతి మాటలు చెవిలో పడకుండా చూసుకోవడం.

చలి పోయి, ఎండ కాస్త ఒంటికి తెలుస్తున్న ఒక ఆదివారం. బట్టల కొట్టులో పనిచేసే భార్య గడప దాటుతూ, “పెరడు బాగుచేస్తానన్నారుగా, ఇవాళైనా ఆ ఆకులు ఎత్తండి. సాయంత్రం వస్తా” అని వెళ్ళిపోయింది.

మేస్త్రి లుంగీ ఎగగట్టి రంగంలోకి దిగాడు. చలికాలమంతా పేరుకున్న ఆకులు ఊడ్చి కుప్ప పోశాడు. ఎండిన కొమ్మలు నరికి కట్టలు కట్టాడు. సామాన్ల గది వెనక రెండు బకెట్లలో ఆకుపచ్చటి నీళ్ళు కనబడితే ముక్కు మూసుకుని మొక్కల మొదట్లో పారబోశాడు. పక్కనే పెద్ద తొట్టిలో తేట నీళ్ళు ఎండకు పెట్టి ఉంటే, ఎవరో తనకోసమే పెట్టినంత సంతోషంగా కాళ్ళు కడుక్కున్నాడు. ఇక కొలను వైపు తిరిగాడు.

ఇనప తట్టలో కాసిని కొలను నీళ్ళు పోసి, చేపను అందులో వేసి పక్కన పెట్టాడు. నీళ్ళన్నీ తోడి పారబోశాడు. అడుగున మిగిలిన నల్లటి బురద ఎత్తిపోసి, టైల్స్ రుద్దే బ్రష్ తీసుకుని గోడలకు పట్టిన పాచి పని పట్టాడు. సరిగ్గా అప్పుడే వెనక వసారాలోంచి గొంతు వినిపించింది.

“పెద్దాయనా! పాత నీళ్ళు సగమైనా ఉంచాలిరా నాయనా! గోడకి పాచి ఉండాలి. కుళాయి నీళ్ళు నేరుగా పోస్తే నీకు పడదు, అందులో మందు కలుపుతారు, రెండు రోజులు ఎండలో ఉంచాలి!”

మేస్త్రికి ‘పెద్దాయనా’ వరకే వినిపించింది. ఆవిడ అదే మాట మూడుసార్లు చెప్పారు. నాలుగోసారి పెదవి దాకా వచ్చిన “బాబూ” అన్న పిలుపును మింగేసి, లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు.

రెండు గంటలకల్లా కొలను తళతళలాడింది. మేస్త్రి కుళాయి గొట్టం పెట్టి నింపాడు. చేపను అందులో వదిలి, తట్టలో మిగిలిన నీళ్ళు కాలువలో కుమ్మరించి, గట్టు మీద కూర్చుని తన పనితనం చూసుకుని మురిసిపోయాడు.

ఆ మురిపెం పావుగంటైనా నిలవలేదు. చేప పైకి తేలి, నోరు నీళ్ళ బయట పెట్టి గుటకలు వేయసాగింది. చూస్తుండగానే పక్కకు ఒరిగిపోయింది. మామగారి చేతి తిండి తిన్న ప్రాణి ఇదొక్కటే మిగిలిందని అతనికి తెలుసు. దీన్ని చంపుకుంటే ఆ ముసలావిడకు ఏ మొహం పెట్టుకుని కనబడాలి? భార్యకు ఫోన్ చేశాడు. అది వంటగదిలోనే మోగింది.

పరుగున వెళ్ళి అత్తగారి గది ముందు నిలబడ్డాడు. పాత అలవాటు కదా, నోరు ముందు పక్కనున్న కుర్చీ వైపు తిరిగింది.

“కుర్చీగారూ, చేప ఎందుకో గుటకలు వేస్తోందండీ.”

లోపల నేల మీద ఏదో ఈడుస్తున్న చప్పుడు.

“పడిపోతోందండీ కుర్చీగారూ” అన్నాడు. ఇక ఆగలేక తలుపు మీద రెండు చేతులతో కొట్టాడు. “అత్తయ్యా! తప్పైపోయింది. పెద్దాయన పోయేట్టున్నాడు. ఏం చెయ్యాలో చెప్పండి అత్తయ్యా!”

గడియ పెట్టని తలుపు ఆ దెబ్బకు భళ్ళున తెరుచుకుంది. ఆవిడ అప్పటికే నేల మీద కూర్చుని మంచం కింద నుంచి మూత పెట్టిన పెద్ద తొట్టిని లాగుతున్నారు. మూత తీస్తే నిండా ఆకుపచ్చటి నీళ్ళు.

“కొలను నీళ్ళేనా?” అన్నాడు మేస్త్రి.

“మొన్నటి నుంచీ చెంబుతో మోసి నింపాను. బయట రెండు బకెట్లు పెట్టాను గానీ, మీ కంటపడితే అవి బతుకుతాయా? మీ సంగతి నాకు తెలీదూ! చూస్తూ నిలబడతారేం, ఆ కొస పట్టుకోండి. నడుం జాగ్రత్త.”

ఇద్దరూ చెరో వైపు పట్టుకుని నడిచారు. మేస్త్రి తన చేతులతో వేసి రోజూ తుడుచుకునే హాలు టైల్స్ మీద పాచినీళ్ళు దారి పొడుగునా ఒలికాయి. అతను కిందికి చూడనైనా లేదు.

చేపను తొట్టిలో వేసి ఇద్దరూ చెరో పక్క కూర్చున్నారు. అది ఒరిగే ఉంది. మొప్పలు మాత్రం కదులుతున్నాయి.

“నేనే నోరు తెరిచి మీతో చెప్పాల్సింది బాబూ” అన్నారు అత్తగారు, కళ్ళు తుడుచుకుంటూ. “పంతానికి పోయి చేప మీదికి తెచ్చాను.”

“చెప్పినా నేను వినే రకమా అత్తయ్యా? ఆ రోజు పూడ్చేద్దామన్నాను చూడండి, నా నోటి దురద.”

చాలాసేపటికి చేప నిటారుగా తిరిగింది. తోకతో ఒక్కటి కొడితే నీళ్ళు మేస్త్రి మొహాన పడ్డాయి. అత్తగారు ఆరేళ్ళ తర్వాత అల్లుడి ఎదుట నవ్వారు. నవ్వు ఆగగానే, “అది సరే గానీ, ఆ తలుపు అంత గట్టిగా ఎందుకు వేస్తారు?” అని మొదలుపెట్టారు.

సాయంత్రం భార్య వచ్చేసరికి హాలంతా ఆకుపచ్చ మరకలు. పెరట్లోంచి ఇద్దరి గొంతులూ గట్టిగా వినిపిస్తున్నాయి. చెప్పుల దగ్గర మొదలైన తగువు అప్పటికి వంటగది చూరు దాకా వెళ్ళింది. ఆమె పరిగెత్తుకొచ్చింది.

“ఏమైందమ్మా? ఆయనకేం చెప్పమంటావు?”

“నువ్వు ఉండవే, మేం మాట్లాడుకుంటున్నాం” అన్నారు అత్తగారు.

కూతురు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. తర్వాత మెల్లగా లోపలికి వెళ్ళి, మరకల జోలికి పోకుండా, ఆ కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చుంది.