పచ్చ లేతు, తుప్పు లేతు

బోరు మోటార్ల షాఫ్టులను తిప్పుతూ చెక్కి బాగుచేసే లేతు మిషను పని సుమయ్య తండ్రి దగ్గరే నేర్చుకుంది. సిద్దిపేటలో ఆయన దుకాణానికి మంచి పేరుండేది. ఆయన పోయాక, ఆమెను అక్క వరసన 'ఆపా' అని పిలిచే బాబాయి కొడుకు సుఫియాన్ ఆ దుకాణాన్ని ఆక్రమించాడు. వాటా అడిగిన రోజు ఆమెను జుట్టు పట్టి రోడ్డు మీదికి ఈడ్చి షట్టరు దించేశాడు. ముంజేయి విరిగింది. కట్టు విప్పగానే, ఇంటి వెనక రేకుల గదిలో సొంతంగా లేతు, ఇనుములో గాడులు కోసే చిన్న మిల్లింగు మిషను పెట్టుకోవాలని ఆమె నిశ్చయించుకుంది.

పాత మిషన్లు అమ్మే గజేందర్ దగ్గర రెండు చిన్న లేతులున్నాయి. ఒకటి పచ్చరంగుతో మెరుస్తోంది, ఇంకోటి తుప్పు పట్టింది. రెండు పనులూ చేసే జంట మిషను కొంటే జాగ కలిసొస్తుందని గజేందర్ చెప్పాడు. గట్టి ఇనుము కోసేటప్పుడు అది వణుకుతుందని, మిల్లింగుకు వేరేదే కావాలని ఆమె అంది. పచ్చ లేతు మీదికి వంగి, బెడ్డు అనే పొడవాటి ఇనుప దిమ్మె మీద జరిగే బండిని, షాఫ్టును పట్టి తిప్పే చక్ దగ్గర వదులు లేకుండా బిగించింది. దాన్ని అవతలి కొసకు జరపబోతుండగా, సంగతి తెలిసి వెనక నుంచి సుఫియాన్ వచ్చాడు.

మెడ పట్టి ఆమె ముఖాన్ని బెడ్డుకేసి కొట్టాడు. పెదవి చిట్లింది. రెండో దెబ్బకు పన్ను ఊడింది.

"నా గిరాకీని నీ ఇంటికి గుంజుకుంటవా ఆపా? మిషన్ కొన్నవంటే ఆ చెయ్యి మల్ల ఇరగ్గొడ్త."

అడ్డం వచ్చిన గజేందర్‌ను కడుపులో తన్ని, ఇనుప కడ్డీ ఎత్తాడు. సుమయ్య చేతికి చక్ బిగించే బరువైన కీ దొరికింది. దానితో అతని మోకాలి మీద బలంగా కొట్టింది. చిప్ప పగిలి సుఫియాన్ కూలబడ్డాడు. పడ్డాక కూడా మళ్లీ కొట్టింది. ఆ దెబ్బ అక్కర్లేదని ఆమెకు తెలుసు, చెయ్యి ఆగలేదు.

పక్క షాపుల వాళ్లు అతన్ని దవాఖానకు మోసుకుపోయారు. గజేందర్ నీళ్లిచ్చి, ముందు కుట్లు వేయించుకోమన్నాడు. ఆమె నెత్తురు ఉమ్మి, బెడ్డును చున్నీతో తుడిచి, బండిని జరిపింది. సగం దూరంలో అది బిగుసుకుపోయింది.

"ఇది వద్దు గజేందరన్నా. చక్ కాడ బెడ్డు అరిగింది, అందుకే అరగని దిక్కు పోంగ పట్టేస్తుంది. గా తుప్పుది చూపెట్టు."

తుప్పు లేతు బండి కొస నుంచి కొసకు ఒకేలా నడిచింది. దాన్ని, ఒక చిన్న మిల్లింగు మిషనును ఆమె తీసుకుంది.

సుఫియాన్ మీదా, ఆమె మీదా కేసులయ్యాయి. రాజీ పడమని తల్లి హుస్నాబీ ఏడ్చినా, దుకాణంలో వాటా ఇచ్చేదాకా కుదరదని సుమయ్య తెగేసి చెప్పింది. పనిచేసేటప్పుడు గుమ్మం కనిపించేలా లేతును అమర్చుకుంది. ఒకరోజు నారాయణరావుపేట రైతు షాఫ్టు పట్టుకుని చప్పుడు లేకుండా లోపలికి వచ్చాడు. ఆమె ఉలిక్కిపడి మిషను ఆపింది. ఇకమీద బయటి నుంచే పిలవమని చెప్పి, షాఫ్టు అందుకుంది.