మబ్బులో నేను ప్రకటించిన శిఖరం

కొండ ఎక్కుతూ కాలు జారినవారిని, దారి తప్పినవారిని, తెచ్చుకున్న పులిహోరను కోతులకు సమర్పించుకున్నవారిని మీరు చూసే ఉంటారు. కళ్లెదుట ఉన్న కొండలో సగాన్ని లెక్క ప్రకారం మాయం చేసినవాణ్ణి మాత్రం చూసి ఉండరు. 2006 నవంబరులో ఒక ఆదివారం ఆ ఘనకార్యం నా చేతుల మీదుగా, మరింత కచ్చితంగా చెప్పాలంటే నా ఎడమ మణికట్టు మీదుగా జరిగింది.

అప్పట్లో నేను నాచారంలోని ఒక కర్మాగారంలో నాణ్యత తనిఖీ అధికారిని. వెంట్రుకలో పదో వంతు తేడా కనిపించినా ఇనుప ముక్కను తిప్పి పంపేవాణ్ణి. అలా తిరిగి వెళ్లిన వాటిలో ఎక్కువ భాగం లేత్ మిషన్ నడిపే సత్తయ్యవి. "పొద్దున్నే కొలత గేజీ సరిచూసుకున్నావా, సత్తయ్యా?" అని అడగనిదే నాకు తెల్లవారేది కాదు. ఇంత తగవులోనూ మేము స్నేహితులమే.

ఆ ఏడాది ఉప్పల్‌ చౌరస్తాలో స్కూటరు మీది నుంచి పడి అతని మోకాలు విరిగింది. శస్త్రచికిత్స అయింది కానీ, రోజంతా మిషన్ ముందు నిలబడగలడా అన్నది తేలలేదు. అందుకు సత్తయ్య తనకు తానే ఒక పరీక్ష పెట్టుకున్నాడు: ఏదైనా ఒక కొండ కొసదాకా ఎక్కితే మర్నాడే పనిలో చేరతాడు, ఎక్కలేకపోతే ఉద్యోగానికి నమస్కారం పెట్టి, పీర్జాదిగూడలో బావమరిది కిరాణా కొట్టులో కూర్చుంటాడు.

అతనూ, రామంతాపూర్‌లో లెక్కలు చెప్పే మూర్తి మాస్టారూ, మరో ఇద్దరు మిత్రులూ, నేనూ భువనగిరి దాటి ఒక రాతికొండ దగ్గర దిగాము. నాయకత్వం నాది. కారణం, కోఠిలో కొన్న నా కొత్త గడియారం. గాలి ఒత్తిడిని బట్టి అది ఎత్తు చెబుతుంది; ఒత్తిడి తగ్గేకొద్దీ ఎత్తు పెంచి చూపుతుంది. సముద్రమట్టం నుంచి ఆ కొండ కొస ఆరు వందల మీటర్లని పటంలో చూసుకున్నాను. శుక్రవారమే గడియారాన్ని సరిచేసి, పెళ్లినగలా బీరువాలో దాచాను.

సగం దూరంలోనే మబ్బు కమ్మింది. ముందు నడిచేవారి వీపు కూడా కనిపించలేదు. సత్తయ్య కర్ర ఊతంగా, పళ్లు బిగించి, ఒక్కొక్క రాయే ఎక్కుతున్నాడు. ఒక చదునైన బండ మీద గడియారం ఆరు వందలు చూపింది. నేను చెయ్యెత్తి, శిఖరం చేరినట్టు ప్రకటించాను.

సత్తయ్య ఆ బండను ముట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. ఫోను తీసి భార్యతో, "ఎక్కిన. రేపు డ్యూటీకి డబ్బా కట్టు," అన్నాడు. అందరం మిఠాయి పంచుకున్నాము.

మూర్తి మాస్టారు మాత్రం చెవి ఒగ్గి వింటున్నారు. "ఏమండీ, మేకల గంటలు మన నెత్తిమీద నుంచి వినిపిస్తున్నాయేమిటి?"

మబ్బులో ధ్వని వంగుతుందని, చదువుకున్నవారు ఇలాంటివాటికి భ్రమపడరాదని వారికి సుమారు పావుగంట బోధించాను.

అప్పుడు గాలి వీచింది.

మబ్బు తెరలా పక్కకు తొలగింది. తడిసిన నల్లరాయి ఒకటి, మేఘంలోంచి అంతస్తు తరువాత అంతస్తుగా బయటికి రావడం మొదలుపెట్టింది. మెడ వెనక్కి వంచాను, ఇంకా ఉంది. మరికాస్త వంచాను, టోపీ పడిపోయింది, కొండ ఇంకా ఉంది. ఎక్కడో ఆకాశపు అంచున, ఎండ తగిలిన కొస మీద, తెల్ల మేక ఒకటి గడ్డి నములుతూ నన్ను చూస్తోంది. అంత గొప్ప దృశ్యాన్ని అంత సిగ్గుతో చూసినవాడు ఇంకొకడు ఉండడు.

సత్తయ్య నా మణికట్టును దగ్గరికి తీసుకుని గడియారం వంక చూశాడు.

"సారూ, పొద్దుగాల దీన్ని సరిజూసుకున్నరా?"

చూసుకోలేదు. శుక్రవారం తరువాత వాతావరణం మారి గాలి ఒత్తిడి పడిపోయింది. ఆ ముసురే మబ్బును తెచ్చింది, నా గడియారాన్నీ కొండెక్కించింది. "ఇంతవరకు రావడమే గొప్ప, సత్తయ్యా. ఇక్కడికి చాలు, నీ పరీక్ష పాసే," అన్నాను నీళ్లు నములుతూ.

"ఇన్నేండ్లు నా పీసులు మీరు రిజెక్ట్ జేసిన్రు. ఇయ్యాల మీ కొండను నేను రిజెక్ట్ జేస్తున్న. నడువుండ్రి," అని కర్ర అందుకున్నాడు.

కూర్చుంటూ, లేస్తూ, రెండుచోట్ల పాకుతూ అతనే ముందు ఎక్కాడు. కొస మీద నిలబడితే నలువైపులా చెరువులు అద్దం ముక్కల్లా మెరుస్తున్నాయి. మబ్బుల నీడలు పొలాల మీదుగా పశువుల మందల్లా నడిచి పోతున్నాయి. నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి దేన్నీ కొలవాలనిపించలేదు. చెయ్యి జేబులో పెట్టుకున్నాను.

సత్తయ్య మళ్లీ ఫోను చేసి, ఇందాకటిది అబద్ధమని, ఇప్పటిదే నిజమని భార్యకు వివరించాడు. "గది సరే, డబ్బా కట్టాల్నా వద్దా?" అని ఆమె అడగడం మా అందరికీ వినిపించింది.

"కట్టు," అన్నాడు సత్తయ్య. "సారుకు గూడ కట్టు."

మర్నాడు ఆ డబ్బా తిన్నాను. నా జీవితంలో అంత రుచిగా దొరికిన శిక్ష మరొకటి లేదు. చేయి కడుక్కుని, సత్తయ్య లేత్ మిషన్ సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీదట గడియారం ఏం చెప్పినా సరే, నాకంటే పైన ఒక్క మేకైనా లేదని కళ్లారా చూసుకున్న తరువాతే శిఖరం గురించి నోరు విప్పుతాను.