ఉతకని రోజు

ఇంగ్లండ్‌లోని హల్ రేవులో చేపల పెట్టెలు మోసిన చేతులతోనే నార్మన్ బ్లెంకిన్ పదకొండేళ్లు నటించాడు. దొంగ, బస్సు కండక్టరు, రెండో పోలీసు: తెరమీద అతని వేషాలు అంతకు మించలేదు. గొప్ప నటుడని చెప్పలేం. వినడం మాత్రం తెలిసినవాడు. ఆ వినికిడే అతనిచేత తల్లి హిల్డా కథను టెలివిజన్ నాటకంగా రాయించింది.

హిల్డా ఉండే వీధిలో భర్త ఓడెక్కిన రోజున ఏ ఇల్లాలూ బట్ట తడపదు. తడిపితే మనిషి నీళ్లపాలవుతాడు. నార్మన్ తండ్రి ఐస్‌లాండ్ వైపు చేపల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ఆ రోజు తాను చేతిరుమాలైనా ఉతకలేదన్నదొక్కటే ముప్పై ఏళ్లుగా హిల్డాకు మిగిలిన ఊరట. కొడుకు లండన్ వెళ్లే రోజున కూడా ఆమె బట్టల తొట్టి ముట్టదు. "రైలైతేనేం, వెళ్లడం వెళ్లడమేగా" అంటుంది.

నాటకానికి దర్శకుడు, నార్మన్ స్నేహితుడు గైల్స్ ఆమె వంటింట్లో కూర్చుని, చేప వేపుడు రెండుసార్లు వడ్డించుకుని, "ఒక్క మాట మార్చను తల్లీ, ఒట్టు" అన్నాడు.

ప్రసారమైన సాయంత్రం ఇరుగుపొరుగు ఆడవాళ్లు హిల్డా ముందుగదిలో చేరారు. తెరమీద ఓడ కదిలింది. వెంటనే భార్య పాడుకుంటూ తెల్లటి దుప్పట్లు ఉతికి ఆరేసింది. తరువాత ఓడ మునిగింది.

"ఏమే హిల్డా, ఉతికావుటే ఆ రోజు?" అంది పక్కింటి మేవిస్.

"నోరు ముయ్యవే! నా తొట్టి ఎండి ఉందని నువ్వే చూశావుగా?"

"నేను చూసిందానికేంలే. రాసింది మీవాడు కదా!"

చివర పేరు పడింది: రచన, నార్మన్ బ్లెంకిన్.

మర్నాడు అతను గైల్స్‌కు ఫోన్ చేశాడు.

"ఆ దుప్పట్లు గాలికెలా ఎగిరాయో చూశావా గురూ? కవిత్వం!"

"మా అమ్మకు మాటిచ్చావు."

"ఇచ్చాను. మార్పులకు ఒప్పుకుంటూ సంతకం పెట్టింది ఎవరు మరి?"

నిజమే. స్నేహితుడి మాట ఉండగా ఒప్పంద కాగితం చదవడం అవమానమనుకున్నాడు. సత్యాన్ని మార్చినవాణ్ణి ద్రోహి అంటాం. దాని కింద తన పేరు ఉండనిచ్చినవాణ్ణి ఏమనాలో అతనికి తోచలేదు.

"అది నేను రాయలేదమ్మా. వాళ్లు మార్చేశారు" అన్నాడు తల్లితో.

"నీ పేరుందిరా. మీ నాన్నను నేనే ముంచానని ఊరంతా చూసింది."

లండన్ రైలెక్కే రోజున నార్మన్ పెట్టె పట్టుకుని సందు మలుపులో వెనక్కి తిరిగి చూశాడు. తమ ఇంటి ముందు సందుకు అడ్డంగా కట్టిన తాడుమీద అతని చొక్కా వేలాడుతోంది. ఇంకా నీళ్లు కారుతున్నాయి.