ఎముకల బొగ్గులో వడకట్టిన నీళ్ళు

2018లో నేను నరసరావుపేటలో నీటి పరీక్షల లాబ్‌లో కెమిస్టుగా ఉన్నాను. దుర్గి వైపు ఒక ఊరి బడి బోరులో ఫ్లోరైడ్ హద్దు మించి ఉందని తేలింది. రాళ్ళ నుంచి నీళ్ళలోకి దిగే లవణం అది. పిల్లలకు వచ్చే పళ్ళ మీద గోధుమరంగు చారలు వేస్తుంది. ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు బిగదీస్తుంది.

దానికి బోన్ చార్ ఫిల్టర్ పెడదామన్నాను. మాంసం కొట్లు పారేసే ఎముకలను గాలి సోకకుండా బాగా కాల్చి, నలగ్గొట్టి, కడిగితే నల్లటి రవ్వ వస్తుంది. అది ఫ్లోరైడ్‌ను పట్టేసుకుంటుంది. తల్లిదండ్రుల మీటింగులో, అవి గొడ్డు ఎముకలన్న సంగతితో సహా, ఏదీ దాచకుండా చెప్పాను. పత్తి కూలికి వెళ్ళే సలోమమ్మ లేచింది.

“పెద్దదాని పళ్ళు ఎటూ పోయినయ్ మేడమ్. చిన్నదానికి ఇంకా పాలపళ్ళే. పెట్టండి.”

పెట్టాం. మళ్ళీ పరీక్షిస్తే ఫ్లోరైడ్ హద్దులోకి వచ్చింది. పిల్లలు ఆ నీళ్ళే ఇళ్ళకు కూడా సీసాల్లో పట్టుకెళ్ళేవారు.

మరుసటి ఏడు బడి కమిటీకి కొత్త ఛైర్మన్ వచ్చాడు. బత్తాయి రైతు. వచ్చిన వారానికే ఫిల్టర్ పీకించాడు. కబురు తెలిసి పరుగున వెళ్ళాను.

“గొడ్డు ఎముకల నీళ్ళు పిల్లలకు పోస్తారా? ఏంది మేడమ్ ఇది?”

“మీ తోటకు ఎముకల పిండి ఎరువు వేస్తారు కదండీ.”

“తోట తాగుద్ది. మేం తాగం.”

పక్కనే నిలబడ్డ సలోమమ్మ మెల్లగా అడిగింది. “మరి మా పిల్లలేం తాగాలయ్యా?”

“ఇన్నాళ్ళూ ఏం తాగారో అదే.”

ఆయన ఇంటికి రోజూ క్యాన్ నీళ్ళు వస్తాయి. పిల్లలు ఆ బోరు దగ్గరికే వెళ్ళారు. పై అధికారులకు రాశాను. ఊరి నమ్మకాల్లో వేలు పెట్టొద్దని జవాబొచ్చింది. కొన్నేళ్ళకు శాంపిల్ కోసం వెళ్ళినప్పుడు సలోమమ్మ చిన్న కూతురు పలకరించింది. కొత్తగా వచ్చిన ముందుపళ్ళకు చారలు పడ్డాయి. శాంపిల్ సీసా నింపుకుని వచ్చేశాను.

ఇప్పుడు ఏ ఊరు వెళ్ళినా ముందు ఒకటి కనుక్కుంటాను. అక్కడ వద్దనగలిగేవాళ్ళు ఏ నీళ్ళు తాగుతున్నారని. బోరు నీళ్ళ పరీక్ష ఆ తర్వాతే.