ఈస్ట్ వింగ్‌లో తలుపులు కొట్టిందెవరు?

కోవిడ్‌కి ముందు చివరి చలికాలంలో నన్ను అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో నేపర్‌విల్ శివార్లలో ఉన్న ఒక అసిస్టెడ్ లివింగ్‌కి వేశారు. వారానికి మూడు రోజులు డ్యూటీ. నేను ఫిజికల్ థెరపిస్టుని. ఈ మాట అనగానే మనవాళ్ళు "అంటే ఒళ్ళు పట్టడమేగా?" అంటారు. కాదు మహాప్రభో! తుంటి విరిగినవాళ్ళని, మోకాలు మార్పించుకున్నవాళ్ళని, మంచానికి అతుక్కుపోయినవాళ్ళని లేపి నడిపించడం నా పని. ముప్ఫై ఏళ్ళకి పైగా చేశాను. ఈ ఉద్యోగంలో తిట్లు జీతంతోపాటు వస్తాయి. ఒకసారి చేతికర్రతో దెబ్బ కూడా తిన్నాను.

అసిస్టెడ్ లివింగ్ అంటే ఆసుపత్రి కాదు. అక్కడ ఎవరి గది వాళ్ళది, ఎవరి తాళం వాళ్ళది. స్నానానికీ మందులకీ సాయం చేసేవాళ్ళుంటారు. అక్కడి షరతు ఒక్కటే. భోజనాల హాలుకి మనిషి తనంతట తను, వాకర్ పట్టుకునైనా సరే, నడిచి రావాలి. రాలేకపోతే వెనక బిల్డింగ్‌లోని నర్సింగ్ వింగ్‌కి మార్చేస్తారు. అక్కడ గదికి ఇద్దరు, మధ్యలో కర్టెన్, తలుపేమో రాత్రీ పగలూ బార్లా తెరిచే ఉంటుంది.

నేను వెళ్ళేసరికి ఈస్ట్ వింగ్‌ని 'ఓల్డ్ ఇంగ్లిష్ విలేజ్'గా అలంకరిస్తున్నారు. పాతకాలపు వీధి కళ్ళబడితే ముసలివాళ్ళకి చిన్ననాటి జ్ఞాపకాలు లేస్తాయని, అవి లేస్తే మనుషులూ లేస్తారని డైరెక్టర్ బ్రెండా ఏదో సెమినార్‌లో వినొచ్చింది. ఇక చూసుకోండి. గోడలకి ఇటుకల వాల్‌పేపర్, దాని మీద గడ్డి కప్పులు, గులాబీ తీగలు, ఫోన్ లేని ఎర్ర ఫోన్ బూత్, ప్లాస్టిక్ దీపస్తంభాలు, కింద ఎర్ర కార్పెట్. అక్కడితో ఆగితే ఈ కథ లేదు. ప్రతి తలుపుకీ నిజమైన ఇత్తడి నాకర్ బిగించింది. సింహం మూతి, దాని నోట్లో బరువైన కడియం. ఎత్తి కొడితే కారిడార్ అంతా మోగుతుంది. చివర్లో ఉన్న మీటింగ్ రూమ్‌ని కూడా వదల్లేదు మహాతల్లి.

ఆ వింగ్ మొత్తానికి నిజంగా ఇంగ్లండ్‌లో పుట్టిన మనిషి ఒక్కతే, ఎడ్నా. ఎనభై ఎనిమిదేళ్ళు. ఉత్తరాన ఎక్కడో బట్టల మిల్లుల ఊరు ఆవిడది. అమెరికన్ ఎయిర్‌ఫోర్స్ కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చి అన్నేళ్ళయినా ఆ యాసకి ఇల్లినాయ్ గాలి సోకనివ్వలేదు. తుంటి విరిగి ఆపరేషనయింది. ఎముక అతికింది, కండ బాగుంది, మనిషే లేవదు. నేను ఆవిడ నడుముకి గెయిట్ బెల్ట్ కట్టేదాన్ని. తూలితే పట్టుకోవడానికి మేం కట్టే పట్టీ అది. "తలుపు దాకా వెళ్ళొద్దాం రండి" అంటే "తలుపు దగ్గర ఏముందని?" అనేది. నిజంగానే ఏమీ లేదు.

మా రిపోర్టుల్లో 'ప్లాటో' అని ఒక మాటుంది. ఈ పేషెంటు ఇంక మెరుగుపడే సూచన లేదు అని అర్థం. ఆ ఒక్క మాట నేను రాస్తే థెరపీ ఆగిపోతుంది, గది మారిపోతుంది. నెలాఖరున కేర్ మీటింగ్ పెట్టారు. బ్రెండా, నర్సు, ఎడ్నా కూతురు క్యారల్, నేను కూర్చుని ఆవిడ సంగతి తేల్చాలి. ఆ కబురు చెప్పినప్పుడు ఎడ్నా గోడవైపు తిరిగి పడుకుని, "మూసుకోవడానికి నాదంటూ ఒక తలుపుండాలి, అంతే" అంది.

అలంకారం పూర్తయిన రోజు ఆవిణ్ణి వీల్‌చెయిర్‌లో కారిడార్‌లోకి తీసుకొచ్చాను. బ్రెండా ఫోటో తియ్యడానికి సిద్ధంగా నిలబడింది. ఎడ్నా ఆ చివర నుంచి ఈ చివర దాకా పరకాయించి చూసి, "ఇదెక్కడి ఊరు? బిస్కెట్ డబ్బా మీది బొమ్మలా ఉంది" అంది. బ్రెండా ముఖం ఇంతైపోయింది.

కానీ ఆ కోపంలో ఎడ్నాకి నోరు పెగిలింది. వాళ్ళ వీధిలో గడ్డి కప్పూ లేదు, గులాబీ తీగా లేదట. ఒకే గోడ పంచుకుంటూ పొడుగ్గా బారుతీరిన ఇళ్ళు, పొగచూరి నల్లబడిన ఇటుకలు, తలుపు తీస్తే నేరుగా వీధే. పాతబట్టలు తీసుకుని బండివాడిచ్చే తెల్లరాయితో ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని గడప మెట్టు తోమేవారట. ఎవరి మెట్టు తెల్లగా లేకపోతే వాళ్ళ సంసారం మీద వీధంతా వ్యాఖ్యానమే. బొగ్గుబండి గుర్రం పేడ వేస్తే చాలు, పెరటి మొక్కల కోసం ఇద్దరు ముసలమ్మలు బకెట్లతో ఒకేసారి పరిగెత్తుకొచ్చి కొట్టుకునేవారట. మరుగుదొడ్డి పెరటి చివర. చలికాలం అక్కడికి వెళ్ళడమంటే ఉత్తరధ్రువ యాత్రేనట.

"ఆటలేమిటి?" అన్నాను.

ఆవిడ కళ్ళు మెరిశాయి. ఎదురుబొదురు తలుపుల నాకర్లని తాడుతో కలిపి కట్టేయడం, రెండూ కొట్టి పారిపోవడం. ఈ ఇంటివాళ్ళు లాగితే ఆ తలుపు రాదు, వాళ్ళు లాగితే ఇది రాదు. లోపల్నుంచి ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటుంటే మూల మీద నిలబడి వినడమే ఆట.

"మా తెనాలిలోనూ అంతేనండీ" అన్నాను. మిట్టమధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే గొళ్ళేలు టకటకలాడించి పరిగెత్తేవాళ్ళం. పోస్టాఫీసు గుమాస్తాగారు పంచె సర్దుకుంటూ వచ్చేసరికి మేం పక్కింటి అరుగు చాటున ఉండేవాళ్ళం. ఎడ్నా నవ్వింది. నవ్వుతూనే పక్కనున్న సింహం మూతి వంక ఒక్క క్షణం చూసింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

తర్వాతి వారం ఎడ్నా ఎదురు గది సుబ్బారావు గారు నన్ను కారిడార్‌లో ఆపేశారు. ఏలూరు వైపు ఆయన, ఇరిగేషన్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్‌గా రిటైరయ్యారు. భార్య పోయాక ఇక్కడే ఉంటున్నారు.

"అమ్మాయ్, ఈ కొంపలో దయ్యాలేమైనా ఉన్నాయా?"

"అమెరికాలో దయ్యాలు కూడా అపాయింట్‌మెంట్ తీసుకునే వస్తాయి బాబాయిగారూ. ఏమైంది?"

"రోజూ భోజనం చేసి నడుం వాల్చగానే ధన్ ధన్‌మని తలుపు మోత. లేచి వెళ్ళేసరికి నరమానవుడు ఉండడు. నా కాలవలకి గండి కొట్టిన దొంగల్నే పట్టుకున్నాను, వీణ్ణి వదుల్తానా!"

మిగతా గదులవాళ్ళూ అదే మొర. బ్రెండా నాకర్లు వదులయ్యాయనుకుని మెయింటెనెన్స్ అతనిచేత స్క్రూలన్నీ బిగింపజేసింది. మోత ఇంకా గట్టిగా వినబడసాగింది.

ఆ రోజే ఎడ్నా గదిలో వాకర్‌ని పక్కకి జరుపుతూ చూశాను. వాకర్ ముందు కాళ్ళకి చక్రాలుంటాయి, సాఫీగా జారడానికి వెనక కాళ్ళకి టెన్నిస్ బంతులు తొడుగుతాం. వాటికి ఎర్ర నూగు అంటుకుని ఉంది. గదిలో కార్పెట్ బూడిద రంగు. ఎర్రది బయట కారిడార్‌లోనే.

"ఎడ్నా, ఈ ఎర్ర నూగెక్కడిది?"

"క్రిస్మస్ తాత వచ్చి వాడుకున్నాడేమో" అని కిటికీలోంచి బయటికి చూసింది. ఓరి దేవుడో! ఎన్ని వారాలు బతిమాలినా మంచం దిగని మనిషి, నర్సులు షిఫ్టు మారే సందు చూసుకుని దండయాత్రలకి వెళ్తోంది!

సంతోషించాలా, తల పట్టుకోవాలా? ఒంటరిగా తిరుగుతోందని చెబితే పడిపోయే ప్రమాదమున్న మనిషని మంచానికి అలారం బిగిస్తారు, ఆ తర్వాత నర్సింగ్ వింగే. చెప్పకపోతే రిపోర్టులో నడక లేదు, అప్పుడూ నర్సింగ్ వింగే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇవి కాక ఆవిడ నిజంగానే పడితే?

ఇంతలో సుబ్బారావు గారు నా చెయ్యి పట్టుకుని తన గుమ్మం దగ్గరికి లాక్కెళ్ళారు. పొద్దున్నే గడప బయట పౌడర్ చల్లారట. దాని మీద రెండు చక్రాల గీతలు, వెనకాల రెండు గుండ్రటి మచ్చలు. ఎదురు గది వైపు వెళ్తున్నాయి.

"నేరస్థురాలు దొరికింది. డైరెక్టర్‌కి చెప్పనా, వద్దా?" అన్నారు.

"బాబాయిగారూ, మీకు దణ్ణం పెడతాను. ఆవిడ గది పోతుంది" అని, ఎడ్నా చిన్ననాటి తాడు ఆట సంగతంతా చెప్పాను.

"సరే. కానీ ఒక షరతు. నన్నూ కలుపుకోమను. తాడు కట్టడం అంటున్నావే, ముడి నేను వేస్తాను. ఆడవాళ్ళ ముళ్ళు నిలబడవు."

ఈ మాట మోసుకెళ్ళి చెబితే ఎడ్నా "ఆ మగాడి ముడి నేను చూస్తాగా" అంది. ఒప్పందం కుదిరింది. నా షరతు నేనూ పెట్టాను: బెల్టు లేకుండా, మా థెరపీ అసిస్టెంట్ వెనకాల లేకుండా గడప దాటడానికి వీల్లేదు. "మా వీధిలో పోలీసులు కూడా నడుం పట్టుకుని వెంట రాలేదు" అని సణిగింది గానీ, ఒప్పుకుంది. నర్సు చెవిన వేశాను. ఆవిడ మందుల బండి పట్టుకుని వంగిపోయి నవ్వింది. బ్రెండాకి మాత్రం మాటగా చెప్పలేదు. రిపోర్టులో లక్ష్యం అని ఉన్నచోట ఇలా రాశాను: "ఇరుగుపొరుగు తలుపుల దాకా నడిచి వెళ్ళి, తట్టి, వేగంగా వెనుదిరిగి, సురక్షితంగా స్వస్థానం చేరడం." ఒక్క అక్షరం అబద్ధం లేదు.

మా వృత్తిలో అన్నిటికంటే కష్టమైనది ముందుకి నడవడం కాదు, వెనక్కి తిరగడం. ముసలివాళ్ళు ఎక్కువగా పడేది అక్కడే. పాదాలు మెలిపెట్టకుండా చిన్న చిన్న అడుగులతో తిరగమని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు. ఎడ్నా ఒక్కసారికే నేర్చుకుంది. పారిపోవాల్సిన అవసరం ఆవిడది మరి.

మీటింగ్ రోజు రానే వచ్చింది. బ్రెండా ఫైలు తెరిచి, ఈవిడ ఇప్పటిదాకా ఒక్కపూట కూడా హాలుకి రాలేదని క్యారల్‌కి సానుభూతిగా చెప్పింది. క్యారల్ కళ్ళు తుడుచుకుంటూ, "నర్సింగ్ వింగ్‌లో కిటికీ పక్క మంచమైనా ఇస్తారా?" అని అడిగింది. నేను నోరు తెరవబోయేంతలో ధన్, ధన్, ధన్!

బ్రెండా లేచి తలుపు తీసింది. ఎవరూ లేరు. వచ్చి కూర్చుంది. మళ్ళీ ధన్ ధన్. మళ్ళీ ఎవరూ లేరు. మూడోసారి తలుపు వెనకే పొంచి నిలబడి, మోత వినగానే హ్యాండిల్ పట్టుకుని లాగింది. తలుపు రాలేదు. ఎదురు స్టోర్‌రూమ్ హ్యాండిల్‌కి కలిపి పళ్ళు తోముకునే ఫ్లాస్ దారంతో కట్టేశారు. రెండోసారి బలంగా లాగేసరికి ఫ్లాస్ పుటుక్కున తెగింది, డైరెక్టర్‌గారు వెనక్కొచ్చి కుర్చీలో కూలబడింది. తెరుచుకున్న గుమ్మంలో సుబ్బారావు గారు సీలింగ్ వంక చూస్తూ, అణకట్ట తనిఖీకి వచ్చిన అధికారిలా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఆయన భుజం మీదుగా, కారిడార్ మూల తిరుగుతున్న ఒక నీలం స్వెటరూ, బెల్టు పట్టుకుని దాని వెనకాల రొప్పుతున్న మా అసిస్టెంటూ కనిపించారు.

"అది మా అమ్మా?" అంది క్యారల్.

కాసేపటికి ఎడ్నా వాకర్ తోసుకుంటూ లోపలికొచ్చి, సరిగ్గా నేను నేర్పినట్టు కుర్చీ అంచు కాళ్ళకి తగిలాకే కూర్చుంది. ఊపిరి తీసుకుని, "నా తలుపు సంగతి మాట్లాడుకుంటున్నారట. నేను లేకుండానే?" అంది. క్యారల్ ఏడుస్తూ నవ్వుతూ తల్లిని కావలించుకుంది. బ్రెండా నా రిపోర్టులో లక్ష్యం ఉన్న పేజీ తీసి రెండుసార్లు చదివింది. నా వంక చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. కానీ న్యాయంగల మనిషి. ఎడ్నా గది ఎడ్నాకే ఉంచుతూ సంతకం పెట్టింది.

మర్నాడే నాకర్లన్నీ ఊడపీకించింది. దాని మీద ఫిర్యాదు చెయ్యడానికి ఎడ్నా మొట్టమొదటిసారి తనంతట తను భోజనాల హాలుకి నడిచొచ్చింది. వచ్చింది కదా అని భోంచేసింది. ఫిర్యాదు తేలలేదు గనక మర్నాడూ వచ్చింది.

ముందు బలం రావాలి, తర్వాత నడక వస్తుందని కాలేజీలో చెప్పారు. నేను సర్వీసంతా అదే నమ్మాను, జూనియర్లకి అదే చెప్పాను. అది తిరగేసిన లెక్క. వెళ్ళడానికి పనంటూ ఒకటుంటే బలం వెనకాలే వస్తుంది. ఆ పని బుద్ధిమంతులు చేసే పనే అయి ఉండాలని మాత్రం ఏ రూలు పుస్తకంలోనూ లేదు.